చూపంతా ముసుగు మీదేనా?

ఈజిప్టులో దాదాపు పాతికేళ్లు చక్రం తిప్పిన బ్రిటిష్ అధికారి లార్డ్ క్రోమర్‌కు అక్కడి ఆడవాళ్ల పరదా కంట్లో నలుసు. ఆ దేశం వెనకబడటానికి అదే పెద్ద కారణమని రాశాడు. అదే పెద్దమనిషి అక్కడి బడుల్లో ఫీజులు పెంచాడు. స్వదేశానికి చేరాక, ఆడవాళ్లకు ఓటు హక్కు ఇవ్వకూడదనే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ముస్లిం స్త్రీని మేమే ఉద్ధరించాలనే పాశ్చాత్య ధోరణికి మూలాలు ఇలాంటి చోట ఉన్నాయి.

బ్రిటన్ ఈజిప్టును ఆక్రమించింది 1882లో. పెళ్లయిన స్త్రీకి తన ఆస్తి మీద పూర్తి హక్కు ఇస్తూ ఇంగ్లండ్ చట్టం చేసుకున్నదీ ఆ ఏడాదే. అంతకుముందు అక్కడ పెళ్లయితే చాలు, భార్య సొత్తు చాలామటుకు భర్త పరమయ్యేది. కూతురికి, భార్యకు, తల్లికి ఆస్తిలో వాటాలు ఖురాన్ ఏడో శతాబ్దంలోనే ఖరారు చేసింది. నికాహ్ వేళ వరుడు ఇస్తానని ఒప్పుకున్న మెహర్ వధువుదే, పుట్టింటిదీ కాదు, అత్తింటిదీ కాదు. తుర్కియేలోని కైసేరి నగరపు 17వ శతాబ్దం నాటి ఖాజీ కోర్టు రికార్డుల్లో ఆడవాళ్లు ఇళ్లూ తోటలూ అమ్ముతూ కొంటూ, తమ వాటా కోసం దగ్గరి బంధువుల మీదే దావాలు వేస్తూ కనిపిస్తారు.

కూతురికి కొడుకు వాటాలో సగమే కదా? నిజమే. ఆ సగాన్ని సమానం చేయాలని ట్యునీషియాలో గొంతెత్తింది ముస్లిం స్త్రీలే. మొరాకోలో ఏళ్ల తరబడి పోరాడి 2004లో కుటుంబ చట్టాన్ని మార్పించిందీ, అమ్మాయి పెళ్లి వయసును 15 నుంచి 18కి పెంచేలా చేసిందీ వాళ్లే. మన దేశంలో ఒక్క గుక్కలో చెప్పే మూడు తలాక్‌లను సుప్రీంకోర్టు 2017లో కొట్టేసిందంటే, ఆ గడప ఎక్కిన ముస్లిం మహిళల తెగువ వల్లే. ఇక కాగితం మీద రాసిన ఆస్తి వాటా ఆడపిల్ల చేతికి రాకపోవడం ఒక్క మతం జబ్బు కాదు. పసుపు కుంకుమల కింద ఎప్పుడో ఇచ్చేశామంటూ ఆడపిల్ల చేత సంతకం పెట్టించుకునే ఇళ్లు తెలుగునాట ఎన్ని లేవు!

అఫ్ఘానిస్తాన్‌లో ఆరో తరగతి దాటిన అమ్మాయిలకు తాలిబన్లు బడి మూసేశారు. అది ఘోరం, మతం పేరు చెప్పి దాన్ని సమర్థించేవారిని ఈ పత్రిక ఎంతమాత్రం క్షమించదు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులూ మూసినప్పుడు, అది షరియాకే విరుద్ధమని ఖండించినవారు కైరోలోని అల్ అజ్హర్ ప్రధాన ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్. తాలిబన్ మాటే ఇస్లాం మాట అనుకునేవారికి ఆ ఖండన వినపడలేదు.

ఇరాన్‌లో తలమీద గుడ్డ సరిగా లేదని పట్టుకెళ్లిన మహ్సా అమీనీ 2022లో పోలీసు నిర్బంధంలో ఉండగా ప్రాణం కోల్పోయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తన సొంత క్రీడాకారిణులకు హిజాబ్ నిషేధించింది. పరుగుల రాణి సుంకంబా సిల్లా ప్రారంభోత్సవంలో టోపీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అవే క్రీడల్లో నెదర్లాండ్స్ తరఫున మారథాన్ గెలిచిన సిఫాన్ హసన్ హిజాబ్‌తోనే స్వర్ణం అందుకుంది. టెహ్రాన్ పెట్టిన గోస, పారిస్ పెట్టిన ఆంక్ష ఒకే బరువువి కావు. కానీ ఆడమనిషి తల మీద ఏముండాలో చెప్పే అధికారం ఆ రెండు ప్రభుత్వాలకూ లేదు. ఇరాన్ తప్పనిసరి ముసుగు నిబంధనను, ఫ్రాన్స్ ఈ నిషేధాన్ని వెంటనే ఎత్తేయాలి.