బాటసారి చెప్పు వెలలు

ఊరు విడిచి పోయి తిరిగి వచ్చినవాడు మొదట చెప్పునది గుడి గోపురముల సంగతి కాదు, నదీనదముల సంగతి కాదు, అంగడి సంగతి. అక్కడ బియ్యమెంత, పాలెంత, ఇంటి అద్దె యెంత అని అడుగని చుట్టము లేడు; చెప్పని బాటసారియు లేడు. ఒకేచోట నివసించువానికి ధరల పెరుగుదల ప్రొద్దెక్కినట్లు మెల్లమెల్లగా జరుగును. నాలుగేండ్లు దూరముండి వచ్చినవానికి అది ఒక్కసారిగా కంట బడును. అందుచే బాటసారి మాట వినదగినదే. కాని ఆ మాటను ఏ తూకపురాతితో తూచవలెనో తెలిసి వినవలెను. లేనిచో చెప్పినవానికిని, విన్నవానికిని మిగులునది ఆశ్చర్యము మాత్రమే.

తెలుగు బాటసారులలో ఏనుగుల వీరాస్వామయ్య ఈ విషయమున మేలుబంతి. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషి ఉద్యోగము చేసిన ఆయన 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరెను. ఆ పదునైదు నెలల దినచర్య 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చుపడినది. దారిలో హైదరాబాదు నగరమును, దాని ప్రక్కనున్న సికిందరాబాదు ఇంగ్లీషు దండును ఆయన చూచెను. దేవాలయములను వర్ణించిన కలముతోనే ఏ మజిలీలో ఏ సరకులు దొరకునో, ఏ సీమలో ఏ నాణెము చెల్లునో కూడ వ్రాసి పెట్టెను. ఇది వింతలు సేకరించువాని ముచ్చట కాదు. వెంట బోయీలున్నారు, పరివారమున్నది. సాయంకాలమునకు వారందరి పొట్టలు నిండవలెను. సంతలోని వెల ఆయనకు వంటపొయ్యి మీది ఎసరుతో ముడివడిన విషయము.

ఆయన చూచునాటికి సికిందరాబాదు వయస్సు పాతికేండ్లు నిండలేదు. మూడవ నిజాము సికిందర్‌జా పేరిట 1806లో వెలసిన ఊరు అది. దండు పెరిగినది, దండును నమ్ముకొని బజారులు పెరిగినవి. ఈ జంటనగరములకు తరువాతి కాలమున ఒక విచిత్రమైన అనుభవము కలిగినది. నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లీషువారి కల్దారు రూపాయి వేరొకటి. హుస్సేనుసాగరు కట్టకు ఆవల మొదటిదాని రాజ్యము, ఈవల రెండవదాని పెత్తనము. ఇరువదవ శతాబ్దమున నూరు కల్దారు రూపాయలకు ఇంచుమించు నూటపదునారున్నర హాలీ రూపాయలు ఇయ్యవలసి వచ్చెడిది. కట్ట దాటిన మనిషి అంగడిలో "ఎంత?" అని అడుగుటకు ముందు "ఏ రూపాయి?" అని అడిగి తీరవలెను. హాలీ సిక్కా 1950ల దశకమున చెలామణి నుండి తొలగిపోయినది. దానితోపాటు ఆ మంచి ప్రశ్నయు ప్రజల నోట లేకుండపోయినది.

నేటి బాటసారి ఏమి చేయుచున్నాడు? అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉద్యోగము చేయు కుమారుని చూడబోయిన మారేడుపల్లి గృహస్థు అక్కడి అంగడిలో ప్రతి వస్తువును మనసులో రూపాయలలోనికి మార్చి గుండె పట్టుకొనును. 2025 మార్చిలో పక్షుల జ్వరము వలన కోళ్ళు నశించి, అమెరికాలో డజను గ్రుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు ఎక్కినది. రూపాయలలోనికి మార్చిన అయిదువందలకు పైమాటే! ఇక్కడ మోండా మార్కెట్టు చుట్టుపట్ల డజను గ్రుడ్లు ఎనుబది రూపాయలనుకొందము. ఆ గృహస్థు తిరిగి వచ్చి "అక్కడ బ్రతుకుట కష్టమయ్యా, గ్రుడ్డు కూడ బంగారమే" అని చెప్పును. వినువారు నమ్ముదురు.

ఇప్పుడు పాత ప్రశ్న అడిగి చూడవలెను: ఏ రూపాయి? ఎవని రూపాయి? అమెరికా సమాఖ్య ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు కూలి గంటకు 7.25 డాలర్లు. ధర మిక్కిలి పెరిగిన ఆ నెలలో సైతము అక్కడి అట్టడుగు కూలివానికి డజను గ్రుడ్లు ఇంచుమించు యాబదిరెండు నిమిషముల కష్టము. ఇక తెలంగాణములో గ్రామీణ ఉపాధి హామీ పథకమున 2025-26 సంవత్సరమునకు నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. పట్టణపు కూలి దీనికంటె హెచ్చే. కాని ప్రభుత్వము అట్టడుగు అంతస్తుగా ప్రకటించిన అంకె గనుక దీనిని గైకొనుట న్యాయము. ఎనిమిది గంటల దినమునకు పంచినచో ఎనుబది రూపాయల గ్రుడ్లు రెండు గంటల పైచిలుకు కష్టము. రూపాయలలో చూడ అక్కడి గ్రుడ్డు ఆరింతలు ప్రియము; చెమటలో చూడ ఇక్కడి గ్రుడ్డే రెండింతలకు మించి ప్రియము.

మారకపు రేటును తూకపురాయిగా నమ్మరాదనుటకు చరిత్రలోనే సాక్ష్యమున్నది. 1966 జూన్ 6వ తేదీన డాలరు విలువను 4.76 రూపాయల నుండి 7.50 రూపాయలకు మార్చిరి. ఆ మరునాడు అమెరికాలో గ్రుడ్డు ప్రియము కాలేదు. అక్కడి కూలివాని కష్టము పెరుగలేదు. మన లెక్కలో మాత్రము అక్కడి వస్తువులన్నియు ఒక్కరాత్రిలో ఒకటిన్నర రెట్లు ప్రియమైనవి. 2022లో డాలరు ఎనుబది రూపాయలు దాటినపుడును జరిగినది ఈ జాతి వింతయే.

దీనికి మారుగా విదేశము నుండి సెలవులకు వచ్చిన కుమారుని మాట వేరుగా నుండును. క్షౌరమునకు ఇంతేనా, ఇంటిపని మనిషికి నెలకింతేనా, కుట్టుపనికి ఇంతేనా అని ఆయన ముచ్చటపడును. ఈ చౌక ఎక్కడిది? బేద దేశములలో సేవలు ఏల చౌకగా నుండునని జగదీశ్ భగవతి 1984లో ఒక వ్యాసమే వ్రాసెను. అంతకు ఇరువదేండ్ల ముందే, 1964లో, బలాసా, శామ్యూల్సన్ అను ఆర్థికవేత్తలు వేరువేరుగా ఈ విషయమునే విచారించిరి. శాస్త్ర పరిభాష విడిచి చెప్పిన సారమిది: గ్రుడ్డునో గుడ్డనో ఓడలో తెచ్చి అమ్మవచ్చును, క్షౌరమును ఓడలో తేలేము. అది స్థానికుని చేతిపని. ఆ చేతికి ఆ ఊరిలో దక్కు కూలి ఎంతయో దాని వెలయు అంతే. అనగా సెలవులకు వచ్చినవాడు మెచ్చుకొనుచున్న చౌక వేరేమియు కాదు, క్షురకుని ఇంటిలోని లేమి. బాటసారి దానిని సుభిక్షమని పొరపడుచున్నాడు.

కావున ఆ చేతిపని వెల నాలుగేండ్లలో పెరిగినపుడు "ఇక్కడకూడ అన్నియు మండిపోవుచున్నవి" అని నిట్టూర్చుటకు ముందు ఒక్క క్షణము ఆగవలెను. ధరలు పెరుగుట రెండు విధములు. పని చేసినవాని పళ్ళెములోనికి ఇంకొక ముద్ద పోవుటచే పెరిగిన ధర ఒకటి. ఆ పళ్ళెములోని ముద్దను లాగుకొనిపోయిన ధర వేరొకటి. రెండింటిని ఒకే గాటకట్టి శపించుట అన్యాయము.

రెండవ విధమునకు ఉదాహరణము కావలసిన సికిందరాబాదు స్టేషను ఎదుట నిలిచి చూచిన చాలును. 2022 మార్చిలో జంటనగరముల ఇరానీ హోటళ్ళు చాలవరకు కప్పు చాయ్ ధరను పదునైదు రూపాయల నుండి ఇరువదికి పెంచినవి. తేయాకు, పాలు, వంటగ్యాసు పెరిగినవని యజమానుల వాదము. అందులో అబద్ధము లేదు. కాని మూటలు మోసి అలసిన హమాలీకి చాయ్ విలాసము కాదు. మధ్యాహ్నపు కూటిని సాయంకాలము వరకు నెట్టు ఉపాయము. పైన చెప్పిన దినకూలి లెక్కలో ఆ ఇరువది రూపాయలు అరగంటకు పైబడిన కష్టము. అయిదు రూపాయలు పెరిగినవని బాటసారి చెప్పును. ఎవని అరగంట పోయినదో చెప్పడు.

కూరగాయల సంగతి మరింత కఠినము. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో రెండువందల అంచునకు ఎక్కినది. ఆ నెల దేశమున ధరల పెరుగుదల నూటికి 7.44గా లెక్క తేలినది. అదే టమాటాను వేరొక సమయమున కోతకూలి గిట్టక పొలముననే విడిచివేయుట రాయలసీమ రైతు ఎరిగినదే. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని పెద్దలు ఊరక అనలేదు. 2012 సంవత్సరమును ఆధారముగా గొని లెక్కించిన మన ధరల సూచీలో ఆహార పానీయముల పాలు నూటికి ఇంచుమించు నలువదియారు. అమెరికా సూచీలో ఆహారము పాలు పదునాలుగు మాత్రమే. టమాటా మండినచో అక్కడివాడు గొణుగుకొనును. ఇక్కడివాడు చారు పలుచన చేసికొనును.

అట్లని విదేశమంతయు స్వర్గమని కాదు. 2022 జూన్‌లో అమెరికాలో ధరలు ఏడాదిలో నూటికి 9.1 పెరిగినవి, నలువది యేండ్లలో అంత ఎన్నడును లేదు. పైన చెప్పిన 7.25 డాలర్ల కూలి 2009 జూలైలో నిర్ణయించినది. 2025 ముగియునప్పటికిని ఒక్క సెంటు కదలలేదు. పెక్కు రాష్ట్రములు తమంత తాము హెచ్చు కూలిని చట్టము చేసికొన్నందున కొంత మేలు. చదువుకొనబోయిన తెలుగు బిడ్డలు గదికి నలుగురైదుగురు సర్దుకొని అద్దె పంచుకొనుట గ్రుడ్ల ధర వలన కాదు, ఇంటి ధర వలన. కూలి నిలిచిపోయి వెల నడిచిపోయిన చోటనెల్ల బాధ ఒక్కటియే. దానికి తూర్పు పడమరలు లేవు.

మన దేశమున సర్కారు ఉద్యోగికి ఏటికి రెండుమార్లు, జనవరిలోను జూలైలోను, ధరల సూచీననుసరించి లెక్కకట్టు భత్యమున్నది. దానికి కరువు భత్యమని పేరు. పేరు బాగున్నది. కాని కరువు నిజముగా తట్టువాడు ఆ పట్టికలో లేడు. కాగితము లేని కొలువులోనున్న హోటలు కుర్రవానికి, ఇంటిపని మనిషికి, దినకూలికి ఏ సూచీయు వర్తింపదు. అడిగినప్పుడు యజమాని దయ, అడుగనప్పుడు మౌనము. 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చిననాడు తెలుగుదేశమంతట పేద ఇండ్లలో పొయ్యి వెలుగుటకు కారణము, ఆ వెలను అంగడి బట్టి గాక కొనువాని చేతిని బట్టి నిర్ణయించుటయే. ఆ నీతి బియ్యముతో ఆగిపోరాదు. కూలికి కూడ వ్యాపించవలెను. సూచీ కదలినపుడెల్ల ఉద్యోగి భత్యము కదలినట్లే అట్టడుగు కూలియు కదలవలెను. ఆ కదలిక చట్టములో నున్న చాలదు, చేతిలో పడవలెను.

ఇక బాటసారికి ఒక్క మనవి. పోయిన చోటనెల్ల వెలలు వ్రాసికొని రావలసినదే. అది తెలుగువారికి వీరాస్వామయ్య నాటి నుండి వచ్చిన అలవాటు. అయితే ప్రతి వెల ప్రక్కను ఆ ఊరి కూలియు వ్రాసికొని రావలెను. గ్రుడ్డు ఎంత అని అడిగిన నోటితోనే, గ్రుడ్లు అమ్ము మనిషి దినమునకెంత సంపాదించునని అడుగవలెను. ఆ రెండవ అంకె లేని మొదటి అంకె, ఏ రూపాయియో చెప్పక హుస్సేనుసాగరు కట్ట మీద చేసిన బేరము వంటిది.