నకలు లేని అసలు

అసలు, నకలు అనే రెండు మాటలు అరబ్బీలో పుట్టి, పారశీక ఉర్దూ భాషల మీదుగా తెలుగు నేలకు వచ్చి, పల్లెటూళ్ళలో సైతం స్థిరనివాసం ఏర్పరచుకొన్నవి. భూమి దస్తావేజు పోగొట్టుకొన్న రైతు రిజిస్ట్రేషను కచేరీకి వెళ్ళి నకలు తెచ్చుకొంటాడు. ఆ నకలే లేకపోతే అతని అసలుకు దిక్కు లేదు. అయితే విద్యాలయాలలో ఈ మాటకు చెడ్డపేరు వచ్చినది. ఉర్దూ మాధ్యమ విద్యార్థులకు 'నకల్' అనగానే పరీక్ష హాలు, స్క్వాడు గుర్తుకు వస్తాయి. ఆ నకలును ఖండించే బాధ్యత మాకు ఎలాగూ తప్పదు. ఈ వ్యాసంలో మాత్రం మరొక నకలును సమర్థింపదలచాము. కంప్యూటరులో దాచుకొన్న సమాచారానికి యంత్రం తనంత తానుగా, నియమిత వేళకు, మరొక చోట తయారుచేసి ఉంచే నకలు అది. దానిని సాంకేతికులు రెప్లికేషన్ అంటారు.

ఈ విషయం మీద మాకు ఆసక్తి నష్టం వల్ల కలిగినది. రెండేళ్ళ పాటు తెలుగు శాఖ విద్యార్థులు సెలవులకు ఊళ్ళకు వెళ్ళినప్పుడల్లా పీర్ల పండుగ పాటలు పాడే వృద్ధుల గొంతులను ఫోనులో రికార్డు చేసి తెచ్చేవారు. హసన్ హుసేన్‌ల కథను తెలుగు పదాలలో పాడే ఆ పాటలలో పుస్తకాలకు ఎక్కినవి తక్కువ, నోళ్ళలో నిలిచినవి ఎక్కువ. నలభై గంటలకు పైబడిన ఆ రికార్డులను ఒకే కంప్యూటరులో, ఒకే హార్డ్ డిస్క్‌లో ఉంచాము. ప్రతి శనివారం సాయంత్రం కొత్తగా వచ్చినవాటిని మరొక డిస్క్‌లోనికి ఎక్కించవలెనని మేమే నియమం పెట్టుకొన్నాము. ఏడు శనివారాలు ఆ నియమం సాగినది. ఎనిమిదవ శనివారం పరీక్షల డ్యూటీ పడినది. తొమ్మిదవది పండుగ సెలవు. పదవ శనివారం నాటికి నియమమే మరపున పడినది. ఒక వర్షాకాలపు ఉదయం కంప్యూటరు తెరువగా డిస్క్ టక్కు టక్కుమని శబ్దం చేసి ఆగిపోయినది. మరమ్మతు చేసేవారు పెదవి విరిచారు. ఆ ఏడు వారాల నకలు మాత్రమే నేడు మిగిలి ఉన్నది. అది ఆరు గంటల పాట.

మళ్ళీ పాడించవచ్చు కదా సార్ అని ఒక విద్యార్థి అన్నాడు. పాడినవారిలో ఇద్దరు అప్పటికే కన్నుమూసి ఉన్నారు. మార్కుల జాబితా అయితే కాగితం చూచి మరల ఎక్కించవచ్చు. కాగితం ఎన్నడూ లేని పాటను ఏమి చూచి ఎక్కించగలం?

డిస్క్ ఎప్పటికైనా ఆగిపోవలసిన వస్తువే. దానిని నిందించి ప్రయోజనం లేదు. ఎడతెగక చేయవలసిన పనిని మనిషి జ్ఞాపకానికి వదలివేయడం మా తప్పు. నకలు తీయడం మరచిన రోజున ఏ కీడూ కనబడదు. దీపం ఆరితే చీకటి పడుతుంది, కుళాయి కట్టడం మరచితే నీరు పారుతుంది. నకలు తీయని శనివారం మాత్రం తీసిన శనివారం వలెనే ప్రశాంతంగా గడచిపోతుంది. ఆ లోటు తెలిసేది అసలు పోయిన నాడే. శ్రద్ధగల గుమాస్తాకు అప్పగించినా అతడు బదిలీ అయిన నాటితో ఆ పని ఆగిపోతుంది. కావున ఇది యంత్రానికి అప్పగింపదగిన పని అని మా నిశ్చితాభిప్రాయం.

నకలు విలువ మన పెద్దలు ఎరుగనిది కాదు. యమామా యుద్ధంలో ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజులు అనేకులు మరణించగా, దానిని వ్రాతప్రతిగా కూర్చవలెనన్న ఆలోచన ఖలీఫా అబూబక్ర్ కాలంలో కలిగినదని సంప్రదాయం చెబుతున్నది. తరువాత ఖలీఫా ఉస్మాన్ కాలంలో ప్రామాణిక ప్రతి సిద్ధపరచి, దాని నకళ్ళను వేర్వేరు నగరాలకు పంపారు. నేటికీ రంజాను నెలలో తరావీహ్ నమాజు చేయించే హాఫిజ్ వెనుక మరొక హాఫిజ్ నిలబడి వింటూ, ఎక్కడైనా తడబాటు కలిగితే అందిస్తాడు. నకలు వేరొక చోట ఉండవలెను, అది అసలుతో సరిపోవునా అని ఎప్పటికప్పుడు చూచుకోవలెను అనే రెండు సూత్రాలూ ఇందులోనే ఉన్నవి.

ఇటు తెలుగులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను సొంత ఖర్చుతో నియమించి, పలుచోట్ల నుండి వ్రాతప్రతులు సేకరింపజేసి నకళ్ళు వ్రాయించాడు. 1829లో ఆయన అచ్చువేయించిన వేమన పద్యాల వెనుక అనేక ప్రతులను పోల్చిచూచిన శ్రమ కలదు. లేఖకుడు అలసిపోయేవాడు, అక్షరం తప్పేవాడు, జీతం ఆగితే కలం ఆపేవాడు. అలసట ఎరుగని లేఖకుడు నేడు మన చేతికి వచ్చాడు. అతనిని పనిలో పెట్టుకోకపోవడం మన లోపం.

ఆ లేఖకుడు పనిచేసే తీరును క్లుప్తంగా వివరిస్తాము. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ లోకానికి విడుదల చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే నిల్వ పద్ధతి నేడు ట్రూనాస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ద్వారా ఎవరికైనా అందుబాటులో ఉన్నది. అందులో రెండు పనులను గడియారానికి కట్టివేయవచ్చు. మొదటిది స్నాప్‌షాట్. ఆ క్షణాన నిల్వలో ఏమేమి ఉన్నదో దానిని ఉన్నది ఉన్నట్లు స్తంభింపజేసే ముద్ర అది. దానికి క్షణకాలం చాలును. తరువాత మారిన భాగాల పాత రూపం మాత్రమే అదనపు చోటు ఆక్రమిస్తుంది. రెండవది రెప్లికేషన్. ఆ స్నాప్‌షాట్‌ను గూఢలిపిలో భద్రపరచిన మార్గం గుండా దూరాన ఉన్న రెండవ పెట్టెకు చేరవేయడం దాని పని. మొదటిసారి సమాచారం మొత్తం వెళుతుంది. ఆ తరువాత రెండు స్నాప్‌షాట్‌ల మధ్య తేడా మాత్రమే వెళుతుంది.

ఈ తేడా పద్ధతి వలన కలిగే లాభం లెక్క వేసి చూడండి. సెకనుకు 20 మెగాబిట్ల వేగంగల లైను మీద ఒక టెరాబైటు పంపడానికి నాలుగున్నర రోజులకు పైగా పడుతుంది. రోజుకు మారే 2 గిగాబైట్లకు 14 నిమిషాలు చాలును. కావున మొదటి నకలును రెండు పెట్టెలనూ పక్కపక్కన ఉంచి తీసి, తరువాత రెండవ పెట్టెను బస్సులో పొరుగూరికి తీసుకొనిపోవడం తెలివైన పద్ధతి. ఇక్కడ ఒక మెలకువ అవసరం. రెండు పెట్టెలలోనూ ఉమ్మడిగా ఉన్న చివరి స్నాప్‌షాట్‌ను చోటు కోసమని తొలగిస్తే, తేడా లెక్కించడానికి ఆధారం పోయి, మళ్ళీ మొత్తం పంపవలసి వస్తుంది. లైను పది రోజులు తెగిపోయినా ఆ ఉమ్మడి స్నాప్‌షాట్ మిగిలి ఉండేటట్లు గడువులు నిర్ణయించుకోవలెను.

పొరుగూరే ఎందుకు, పక్కగది చాలదా అని అడుగవచ్చు. 2009 అక్టోబరులో వరదనీరు కర్నూలు పట్టణాన్ని ముంచినప్పుడు ఈ గది, ఆ గది అనే భేదం పాటించలేదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం ఒకటి అగ్నికి ఆహుతి అయినది. అసలునూ నకలునూ అక్కడే ఉంచుకొన్నవారు రెండింటినీ పోగొట్టుకొన్నారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల వలన అగ్నిప్రమాదం జరిగినది. ఉద్యోగుల పత్రాలు దాచే జీ-డ్రైవ్ అనే వ్యవస్థలోని 858 టెరాబైట్లు నశించినవి. పరిమాణం చాలా పెద్దది కనుక దానికి బయట నకలు తీయలేదట! అంత సంపన్న దేశపు ప్రభుత్వానికే ఈ గతి పట్టగా, ఒకే డిస్క్‌ను నమ్ముకొన్న మన వంటి సంస్థల మాట చెప్పనక్కరలేదు.

అయితే రెప్లికేషన్ పెట్టినంత మాత్రాన నిశ్చింతగా నిద్రపోరాదు. దానికి విచక్షణ లేదు. పొరపాటున మనం ఒక ఫోల్డరు తుడిచివేస్తే, ఆ తుడిచివేతను కూడా రాత్రి రెండు గంటలకు శ్రద్ధగా పొరుగూరికి చేరవేస్తుంది. కనుకనే పాత స్నాప్‌షాట్‌లు కొంతకాలం నిలువ ఉండవలెను. గంట గంటకు తీసినవి రెండు వారాలు, రాత్రికొకటి తీసినవి మూడు నెలలు, నెలకొకటి తీసినవి కొన్నేళ్ళు ఉంచడం మాకు సమంజసంగా తోచినది. రెండవ పెట్టెలో ఈ గడువులు మరింత దీర్ఘంగా ఉండవలెను. పైగా మొదటి పెట్టె తాళంచెవితో రెండవ పెట్టె తెరుచుకోరాదు. రెండవ పెట్టెయే వచ్చి మొదటిదాని నుండి నకలు తీసుకొనిపోయే ఏర్పాటు మేలు. అప్పుడు మొదటిదానిలో జొరబడి ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే దొంగకు రెండవదాని దారి సులభంగా దొరకదు.

యంత్రం పనిచేస్తున్నదా అని చూడవలసిన బాధ్యత మాత్రం మనిషిదే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో రాత్రి పొద్దుపోయేదాకా పనిచేస్తున్న ఉద్యోగి ఒకరు, రెండవ సర్వరులో తుడవవలసిన డేటాను పొరపాటున ప్రధాన సర్వరులో తుడిచివేశారు. నకళ్ళ కోసం వెదకగా, నిత్యం జరుగుతున్నదనుకొన్న బ్యాకప్ జరగడమే లేదని తేలినది. అది విఫలమవుతున్నదని తెలిపే ఈమెయిళ్ళు సైతం తిరస్కరింపబడి ఎవరికీ చేరలేదు. మరొక పనికోసం ఆరు గంటల ముందు ఎవరో చేతితో తీసిన స్నాప్‌షాట్ వారిని కాపాడినది. 2021 డిసెంబరులో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటరులో మరొక వింత జరిగినది. బ్యాకప్ వ్యవస్థకు చెందిన స్క్రిప్టును అది నడుస్తుండగానే మార్చడం వలన 77 టెరాబైట్ల పరిశోధన సమాచారం, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు తుడిచిపెట్టుకొనిపోయినవి. కాపలావాడే ఇల్లు తగులబెట్టినట్లయినది. యంత్రం మౌనంగా ఉన్నదంటే అంతా క్షేమమని అర్థం కాదు. పని జరిగినదని వారం వారం అది చెప్పవలెను. నకలు నుండి ఒక ఫైలును వెనుకకు తెచ్చి, తెరచి, చదివి చూచిన నాడే అది నకలు అనిపించుకొంటుంది.

కొందరు మిత్రులు ఇంటర్నెట్టులో ఖాతా ఉన్నది కదా, అన్నీ అందులో ఉన్నవి కదా అంటారు. ఆ ఖాతా ఎవరి పేర ఉన్నది? ఆ ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసిన మరునాడు దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? ఫోనులో తుడిచినది అక్కడా తుడిచిపోయే పద్ధతి అయితే అది నకలు ఎలా అవుతుంది? మరికొందరు ఖర్చు మాట ఎత్తుతారు. సాఫ్ట్‌వేరు ఉచితం. 8 గిగాబైట్ల మెమరీ గల పాత కంప్యూటర్లు రెండు చాలును. కొనవలసినది కొత్త డిస్క్‌లు నాలుగు, పెట్టెకు రెండు చొప్పున. జంట డిస్క్‌ల వలన ఒకటి చెడినా పని ఆగదు. అయితే ఆ జంటను నకలు అని భ్రమపడరాదు. ఒకే ఇంట్లో ఉన్న కవలలు ఒకే వరదకు చిక్కుతారు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. కాతిబులు చేతితో వ్రాసిన మన వార్షిక సంచికల ఉర్దూ పుటలను, వాటి సరసన ఉన్న తెలుగు పుటలను స్కాను చేసి ఉంచాము. ప్రవేశాల రిజిస్టర్లు, విద్యార్థుల ఉపకార వేతనాల పత్రాలు కార్యాలయ కంప్యూటరులో ఉన్నవి. ఎక్కడో ఉద్యోగానికి కుదిరిన పూర్వ విద్యార్థి తన చదువుకు రుజువు కోరి మన గడప తొక్కినప్పుడు, డిస్క్ చెడిపోయినదని చెప్పవలసిన దుస్థితి మనకు రారాదు. ఈ సంవత్సరపు బడ్జెట్టులో నాలుగు డిస్క్‌లకు చోటు కల్పించవలెను. రెండవ పెట్టె ఉంచడానికి మరొక పట్టణంలోని సోదర విద్యాసంస్థతో ఒప్పందం చేసుకొని, వారి నకలుకు మన దగ్గర చోటు ఇవ్వవచ్చు. దాని బాధ్యత ఒక వ్యక్తికి గాక ఒక పదవికి అప్పగించి, పద్ధతిని కాగితం మీద వ్రాసి ఉంచవలెను. పరీక్షల పర్యవేక్షణకు డ్యూటీ చార్టు వేసినట్లే దీనికీ వేయవలెను.

విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. ప్రతి టర్ములోనూ ఒక రోజు మీలో ఒకరు వచ్చి, మీకు నచ్చిన ఏదో ఒక ఫైలు పేరు చెప్పండి. దానిని పొరుగూరి పెట్టె నుండి తెప్పించి మీ ఎదుట తెరచి చూపుతాము. తెరచి చూపలేకపోతే ఆ మాట వచ్చే సంచికలో మా సంతకంతో ప్రకటిస్తాము. వచ్చే సెలవులలో మళ్ళీ మీ ఊళ్ళలోని పెద్దల దగ్గరకు వెళ్ళండి. పాడగలిగినవారు ఇంకా ఉన్నారు. ఈసారి వారి గొంతు కళాశాలకు చేరిన రాత్రికే పొరుగూరికి కూడా చేరుతుంది.