టెలికాం వాటాదారులకు వినియోగదారుల లెక్క తెలియాలి

సెబీకి, ట్రాయ్‌కి, చిన్న మదుపరులకు విజ్ఞప్తి

టెలికాం కంపెనీ షేరు విలువకు చివరి ఆధారం నెలనెలా రీచార్జి చేయించుకునే వినియోగదారుడే. ఉన్న నంబరుతోనే మరో కంపెనీకి మారే హక్కు, అంటే నంబరు పోర్టబిలిటీ, 2011 జనవరి 20న దేశమంతటా అమలులోకి వచ్చాక, సిగ్నలు అందకపోయినా, కాల్‌సెంటరు పట్టించుకోకపోయినా అతడు వాదులాడుతూ కూర్చోనక్కరలేదు, మారిపోతే సరిపోతుంది. ఎవరు వెళ్లిపోయారో కంపెనీకి అప్పటికప్పుడే తెలుస్తుంది. షేర్లు కొన్నవారికి మాత్రం కంపెనీ ఆ సంగతిని మూడు నెలలకొకసారి, అదీ దేశమంతటికీ కలిపిన ఒకే అంకెగా చెబుతుంది.

ఈ అజ్ఞానం ఎంత ఖరీదైనదో వొడాఫోన్ ఐడియా చరిత్ర చెబుతుంది. 2016 సెప్టెంబరులో రంగంలోకి వచ్చిన జియో నెలల తరబడి కాల్స్, డేటా ఉచితంగా ఇవ్వడంతో ధరలు కుప్పకూలాయి. ఎయిర్‌సెల్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్లగా, వొడాఫోన్ ఇండియా, ఐడియా 2018 ఆగస్టు 31న విలీనమై నలభై కోట్లకు పైగా వినియోగదారులతో దేశంలో అతి పెద్ద సంస్థగా నిలిచాయి. ఆ సంఖ్య తర్వాతి ఏళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. ప్రభుత్వానికి చెల్లించవలసిన బకాయిలను వాటాలుగా మార్చడం వల్ల 2025లో సర్కారు వాటా 49 శాతం దరిదాపులకు చేరింది. కొత్త షేర్లు పుట్టిన కొద్దీ పాత వాటాదారుని భాగం చిన్నదవుతుంది కనుక, ఆ భారంలో కొంత చిన్న మదుపరి మీదా పడింది.

ఈ పతనానికి ధరల యుద్ధమూ, లైసెన్సు రుసుము లెక్కించే స్థూల ఆదాయంలో ఏమేమి చేరతాయన్న వివాదంపై 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ కారణాలు కావా అని ఎవరైనా అడగవచ్చు. అవి ముఖ్య కారణాలే. అయితే అప్పుల్లో మునిగిన కంపెనీ కొత్త టవర్లపై ఖర్చు తగ్గిస్తుంది, అందువల్ల సేవ క్షీణిస్తుంది, వినియోగదారులు వెళ్లిపోతారు, ఆదాయం పడిపోయి టవర్లకు డబ్బు ఇంకా కరువవుతుంది. ఈ విషవలయం మొదట కనిపించేది వినియోగదారుల ఫిర్యాదుల్లో, ఆ తర్వాతే లాభనష్టాల పట్టికలో.

కంపెనీలు ఘనంగా చాటే సగటు ఆదాయం, అంటే ఒక్కో వినియోగదారుని నుంచి నెలకు వచ్చే మొత్తం, వినియోగదారులు వెళ్లిపోతున్న సంగతిని బయటపెట్టకపోగా కప్పివేయగలదు. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచినప్పుడు వాటి సగటు పెరిగింది. ఆ తర్వాతి నెలల్లోనే లక్షలాది మంది వాటిని వదిలేశారు, ప్రభుత్వ సంస్థ బీఎస్ఎన్ఎల్ వినియోగదారుల సంఖ్య పెరిగింది.

అందువల్ల స్టాక్ మార్కెట్‌లో నమోదైన ప్రతి టెలికాం కంపెనీ త్రైమాసిక ఫలితాలతో పాటు, సర్కిళ్లవారీగా, అంటే లైసెన్సు ప్రాంతాలవారీగా, నంబరు పోర్ట్ చేసుకుని వెళ్లినవారెందరో, వచ్చినవారెందరో, ఫిర్యాదులెన్నో, గడువులోగా పరిష్కరించినవెన్నో, అప్పీలుకు వెళ్లినవెన్నో ఒకే నమూనాలో, ఆడిటరు ధ్రువీకరణతో ప్రకటించాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించాలి. విడివిడిగా కొంత సమాచారం ఇప్పటికే ఉంది: టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రతినెలా చందాదారుల సంఖ్యనూ, వారిలో నెట్‌వర్క్‌లో చురుకుగా ఉన్నవారి సంఖ్యనూ వెల్లడిస్తుంది, మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలు ఏటా ఇచ్చే బాధ్యతా నివేదికలో వినియోగదారుల ఫిర్యాదుల పట్టిక ఉంటుంది. కాని ఏడాదికొకసారి వచ్చే జాతీయ అంకె నుంచి ఏ ప్రాంతంలో సేవ దెబ్బతింటోందో తెలుసుకోవడం అసాధ్యం. సర్కిల్ లెక్క కూడా కొన్నిచోట్ల చాలదు. రాష్ట్ర విభజన జరిగి పదేళ్లు దాటినా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నేటికీ ఒకే సర్కిల్ కనుక, హైదరాబాదు బాగుంటే ఉత్తరాంధ్ర మన్యం కష్టం ఆ లెక్కలో మరుగునపడుతుంది. ఈ రెండు రాష్ట్రాల అంకెలు వేర్వేరుగా ఇవ్వడం న్యాయం.

ఇవి వ్యాపార రహస్యాలని కంపెనీలు అభ్యంతరం చెప్పవచ్చు. కాని పోర్టింగ్‌లో వచ్చిన ప్రతి వినియోగదారుడు ఏ కంపెనీని వదిలి వచ్చాడో చేర్చుకున్న కంపెనీకి తెలిసే తీరుతుంది. పోటీదారుకు తెలిసినదాన్ని సొంత వాటాదారునికి చెప్పకపోవడానికి సమర్థన లేదు.

ఈ మార్పు కోరేవారు, వాటా ఎంత చిన్నదైనా, వార్షిక సర్వసభ్య సమావేశంలో మాట్లాడేందుకు ముందుగా పేరు నమోదు చేసుకుని, తమ సర్కిల్‌లో ఎంతమంది వెళ్లిపోయారని అడగాలి, అదే ప్రశ్నను కంపెనీ సెక్రటరీకి లిఖితపూర్వకంగా పంపాలి, వెల్లడి నిబంధనలపై సెబీ ప్రజాభిప్రాయం కోరినప్పుడల్లా ఈ డిమాండును తెలుగులోనైనా ఇంగ్లిషులోనైనా రాసి పంపాలి.