ఎరువు సొమ్ము

గ్రంథాలయమునకు వచ్చి ఒకానొక నవలను అడిగిన పాఠకునకు కావలసినది ఆ నవలయే గాని, అది గట్టి అట్టతో వెలువడినదా, మెత్తని అట్టతో వెలువడినదా, ఏ ప్రకాశకుడు ఏ సంవత్సరమున అచ్చు వేయించినాడు అను విచారము అతనికి సాధారణముగ నుండదు. ఐఎస్‌బీఎన్ అను సంఖ్యకు ఉన్న విచారమంతయు అదియే. గట్టి అట్టకు ఒక సంఖ్య, మెత్తని అట్టకు వేరొకటి, ప్రకాశకుడు మారినచో మరియొకటి. జేన్ ఆస్టెన్ రచించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ వంటి గ్రంథమునకు ఇట్టి సంఖ్యలు వందలకొలది కలవు. పాఠకుడు తెచ్చిన సంఖ్యను పట్టుకొని వెదకిన కంప్యూటరు, ఆ నవలయే వేరొక ముద్రణమున ప్రక్క బీరువాలో నున్నను, లేదని నిస్సంకోచముగ చెప్పివేయును.

ఈ చిక్కును విడదీయుటకై, 1967లో ఒహాయో రాష్ట్రపు కళాశాలల ఉమ్మడి గ్రంథాలయ కేంద్రముగ పుట్టి క్రమముగ దేశదేశములకు విస్తరించిన ఓసీఎల్‌సీ అను సంస్థ, ఎక్స్‌ఐఎస్‌బీఎన్ అను వెబ్ సేవను నెలకొల్పెను. ఒక సంఖ్యను పంపినచో, ఆ రచనకే చెందిన తక్కిన ముద్రణముల సంఖ్యలన్నియు క్షణములో తిరిగివచ్చెడివి. రచన వేరు, అది అచ్చులో దాల్చిన రూపము వేరు అని 1998లో అంతర్జాతీయ గ్రంథాలయ సంఘముల సమాఖ్య ప్రకటించిన నివేదికలోని విభాగమును అనుసరించి, కర్త పేరును గ్రంథనామమును సరిపోల్చి, వరల్డ్‌క్యాట్ అను ఉమ్మడి కేటలాగులోని రికార్డులను యంత్రము గుంపులు కట్టుట దానిలోని కీలకము. గ్రంథాలయములు, వాటికై ప్రోగ్రాములు వ్రాయువారు దీనికి బాగుగ అలవాటుపడిరి. 2016లో ఆ సేవ ఆగిపోయెను. పుస్తకమునకు డ్యూయీ వర్గీకరణ సంఖ్యను సూచించు క్లాసిఫై అను మరియొక సేవ 2024 జనవరిలో అదే దారి పట్టెను.

ఆపుటకు సంస్థకు హక్కు లేదని నేననను. నన్ను నొప్పించునది వేరు. వరల్డ్‌క్యాట్‌లోని రికార్డులు వేలాది గ్రంథాలయములలోని కేటలాగరులు ఒక్కొక్క పుస్తకమును చేతబట్టి, ముఖపత్రము తిప్పి చూచి, పుటలు లెక్కించి వ్రాసి చేర్చినవి. ఆ రికార్డుల మధ్యనున్న బాంధవ్యమును యంత్రము తేల్చినది గాని పుట్టించలేదు. ఎరువు సొమ్ము బరువు చేటందురు. తమ బంగారముతో చేసిన సొమ్మునే ఎరువు తెచ్చుకొని, అడిగినప్పుడు తిరిగి ఇచ్చివేసి, బోసి మెడతో నిలుచున్నవారిని ఏమనవలెనో లోకోక్తి చెప్పలేదు.

ప్రత్యామ్నాయములు లేకపోలేదు. లైబ్రరీథింగ్ అను వెబ్‌సైటు 2006లోనే థింగ్‌ఐఎస్‌బీఎన్ అను పోటీసేవను ప్రవేశపెట్టెను. అందు ముద్రణములను జతపరచువారు పుస్తకప్రియులైన సభ్యులే. ‘సమగ్ర కవితలు’ వంటి సామాన్య నామముల యొద్ద యంత్రము తడబడవచ్చును గాని, ఆ పుస్తకములను చదివినవారు తడబడరు. అయితే ఎవ్వరును ప్రేమించని పుస్తకమును ఎవ్వరును జతపరచరు; నీటిపారుదల నివేదికలకు అభిమానులు అరుదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి ఓపెన్ లైబ్రరీలో రచనకొక పుట, ముద్రణమున కొక పుట వేరువేరుగ నున్నవి. ఒకే కర్త రెండు పేర్లతో, ఒకే రచన రెండు పుటలుగ చీలియుండుట అచట తరచుగ కానవచ్చును. అయినను నా ఓటు దానికే, ఏలయనగా దాని దత్తాంశమంతయు నెలనెలా మూటగట్టి ఉచితముగ ఇచ్చుచున్నారు, తెచ్చుకొని మన యంత్రముననే ఉంచుకొనవచ్చును. శుద్ధమైన జవాబునిచ్చి భాండారమును దాచు సేవకంటె, తప్పులతోనైనను భాండారమును అప్పగించునదియే గ్రంథాలయమునకు మేలు.

ఇక కొన్ని పనులకు ఏ సేవయు అక్కరలేదు. ఆగిన ఎక్స్‌ఐఎస్‌బీఎన్ సేవలో 10 అంకెల సంఖ్యను 2007లో వాడుకకు వచ్చిన 13 అంకెల రూపమునకు మార్చు సదుపాయము కూడ నుండెడిది. ఆ మార్పులో రహస్యమేమియు లేదు: కడపటి అంకెను విడిచి, ముందు 978 చేర్చి, వచ్చిన 12 అంకెలను వరుసగ 1తోను 3తోను మార్చి మార్చి గుణించి కూడవలెను, ఆ మొత్తము పదుల లెక్కకు ఎంత తక్కువైనదో అదియే కొత్త పరీక్షాంకము, తక్కువే లేనిచో సున్న. పది పంక్తుల ప్రోగ్రాముకు సరిపడు ఈ లెక్కకై సముద్రములకు ఆవలనున్న సర్వరు తలుపు తట్టుట సోమరితనము గాక మరేమి? ముద్రణములను జతపరచుటకును కేటలాగులోనే చోటు కలదు: 1960ల దశకములో హెన్రియెట్ ఆవ్రమ్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో రూపొందించిన మార్క్ అను కేటలాగు పద్ధతిలో ఏకరూప గ్రంథనామమునకు 240 అను గడి కలదు. దానిని శ్రద్ధగ నింపినచోట అనువాదములు, పునర్ముద్రణములు తమంత తామే ఒకచోట చేరును. పెక్కు రికార్డులలో ఆ గడి ఖాళీయే.

మన పుస్తకముల సంగతి మరింత జటిలము. ‘కన్యాశుల్కము’ మొదటి కూర్పు 1897లోను, గురజాడవారే చాలవరకు తిరుగవ్రాసిన రెండవ కూర్పు 1909లోను వెలువడినవి. ఐఎస్‌బీఎన్ పుట్టుకకు ముందటివి గనుక వాటికి సంఖ్యలే లేవు. పేర్లను పోల్చు యంత్రము రెండింటిని ఒక్కటిగ కట్టివేయును. కర్త పేరు ఒకచోట ‘గురజాడ అప్పారావు’ అనియు, మరొకచోట ‘అప్పారావు, గురజాడ’ అనియు, వేరొకచోట రోమను లిపిలో ఇంకొక విధముగను ఉన్నచో అసలు కట్టనే కట్టదు. ఇట్టి చోట్ల ఎక్స్‌ఐఎస్‌బీఎన్ ఉన్న రోజులలోను మనకు దానివలన ఒరిగినది స్వల్పము. ఆ రెండు కూర్పుల భేదమును తెలిపెడి వాక్యమును రికార్డులో చేర్చవలసినవాడు పుస్తకమును ముందుంచుకొన్న కేటలాగరు. ఆ ఉద్యోగమే ఖాళీగ నున్న గ్రంథాలయములో ఏ ప్రత్యామ్నాయమును గూర్చి మాటలాడుట?