ఆకాశంలో ఎవరి మాట వినాలి?

ఇంట్లో అమ్మ ఒకటి చెప్పి నాన్న ఇంకోటి చెబితే పిల్లలు కాసేపు తటపటాయిస్తారు. దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. అదే, గంటకు ఎనిమిది, తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న పైలట్‌కు ఇద్దరు రెండు రకాలుగా చెబితే?

2002 జులై 1 రాత్రి సరిగ్గా అదే జరిగింది. జర్మనీలోని ఉబర్లింగన్ పట్టణం మీదుగా ఒక రష్యన్ విమానం బార్సిలోనా వెళ్తోంది. అందులో ఎక్కువమంది సెలవులకు బయల్దేరిన బడిపిల్లలు. అదే ఎత్తులో, 36 వేల అడుగుల దగ్గర, ఒక సరకు రవాణా విమానం అడ్డంగా వస్తోంది. ఆ ప్రాంతాన్ని చూడాల్సింది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కంట్రోల్ కేంద్రం. అక్కడ ఆ సమయంలో ఒకే ఒక్క కంట్రోలర్ రెండు తెరలు చూసుకుంటున్నాడు. ప్రధాన టెలిఫోన్ లైన్లు మరమ్మతులో ఉన్నాయి. పక్కనున్న జర్మన్ కేంద్రం వాళ్లు ప్రమాదాన్ని పసిగట్టి ఫోన్ చేసినా లైను కలవలేదు.

ఢీకొనడానికి ముప్పావు నిమిషం ముందు కంట్రోలర్ గమనించి, ‘కిందికి దిగండి’ అని రష్యన్ పైలట్లకు చెప్పాడు. కొద్ది సెకన్లకే కాక్‌పిట్‌లోని యంత్రం ‘పైకి వెళ్లండి’ అంది. పైలట్లు మనిషి మాటే విన్నారు. అవతలి విమానం మాత్రం తన యంత్రం చెప్పినట్టు కిందికి దిగింది. రెండూ దిగుతూ ఢీకొన్నాయి. 71 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఆ యంత్రం పేరు టీకాస్. దగ్గర్లో ఉన్న విమానాలను రేడియో సంకేతాలతో పలకరించి, అవి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నాయో తెలుసుకుంటుంది. ముందు ‘ట్రాఫిక్, ట్రాఫిక్’ అని హెచ్చరిస్తుంది. ముప్పు ముంచుకొస్తే పైకా, కిందికా చెబుతుంది. రెండు విమానాల్లోనూ టీకాస్ ఉంటే అవి ముందే మాట్లాడుకుంటాయి. ఒకటి పైకంటే రెండోది కిందికి. ఆ ఒప్పందాన్ని ఒక్క పైలట్ పాటించకపోయినా రక్షణ కాస్తా ముప్పుగా మారుతుంది.

నిజానికి హెచ్చరిక ముందే అందింది. అంతకు 17 నెలల ముందు, 2001 జనవరి 31న, జపాన్‌లో రెండు విమానాలకు ఇలాంటి గండమే వచ్చింది. కంట్రోలర్ ఒక విమానానికి చెప్పాల్సిన మాట పొరపాటున రెండోదానికి చెప్పాడు. టీకాస్ పైకి వెళ్లమన్నా ఆ పైలట్ కిందికే దించాడు. ఆఖరి క్షణంలో తప్పించడంతో రెండింట్లోని 677 మంది ప్రాణాలతో బయటపడ్డారు. అయినా ప్రపంచమంతటికీ ఒకే స్పష్టమైన నిబంధన రావడానికి 2003 నవంబరు దాకా పట్టింది. టీకాస్ ఆదేశం వస్తే, కంట్రోలర్ వేరేగా చెప్పినా సరే, యంత్రం మాటే వినాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తేల్చింది. ఆదేశం వచ్చిందని పైలట్ చెప్పగానే కంట్రోలర్ ఆ విమానానికి వేరే సూచనలివ్వడం ఆపాలి. ముప్పు తొలగిందన్న కబురు అందాకే బాధ్యత మళ్లీ ఆయన చేతికి వస్తుంది.

టీకాస్ లేకపోతే ఏమవుతుందో మన దేశానికి బాగా తెలుసు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్థాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. వాళ్లలో బతుకుదెరువు కోసం సౌదీ బయల్దేరిన భారతీయులు ఎందరో. ఆ తర్వాతే మన దగ్గర టీకాస్ తప్పనిసరైంది.

అలాగని మనిషికంటే యంత్రం తెలివైనదని కాదు. కంట్రోలర్ తెరమీద బొమ్మ కొన్ని సెకన్లకోసారి మారుతుంది. కాక్‌పిట్‌లో యంత్రం ఏం చెప్పిందో పైలట్ చెబితే తప్ప ఆయనకు తెలియదు. ఎదురెదురుగా వచ్చే విమానాల మధ్య దూరం సెకనుకు అర కిలోమీటరు చొప్పున తరిగిపోతుంటుంది. ఎవరు పెద్ద, ఎవరి మాట చెల్లాలి అన్న చర్చకు అక్కడ వ్యవధి ఉండదు. అందుకే అది నేలమీద ఉండగానే తేలిపోవాలి.