ఇనుప దూలం, కలంకారీ తెర

ఈ మధ్య ఇంటి అలంకారం గురించి నాకు వస్తున్న ఉత్తరాల్లో రెండు మాటలు తరచు కనబడుతున్నాయి. ఒకటి ఇండస్ట్రియల్, రెండోది బొహీమియన్. మొదటిదాన్ని మనం ఫ్యాక్టరీ ఫక్కీ అందాం. పూత లేని ఇటిక గోడ, పైకి కనబడే ఇనుప దూలాలూ గొట్టాలూ, సిమెంటు నేల, నల్లటి ఇనుప బల్లలు, ఇదీ దాని రూపు. రెండోది దేశదిమ్మరి ఫక్కీ. రంగురంగుల తివాచీలు, అతుకుల బొంతలు, దిళ్ళు, కుండీల్లో మొక్కలు, నాలుగు ఊళ్ళు తిరిగి తెచ్చుకున్న బొమ్మలు. ఒకటి మొరటు, ఒకటి మెత్తన. ఈ రెంటి చేతా ఒకే గదిలో కాపురం పెట్టించడం ఎలాగండీ అని అడుగుతున్నారు.

పెట్టించవచ్చు. చక్కగా కుదురుతుంది కూడాను. అయితే ఏ సంబంధం కలుపుకునేముందైనా ఇరువైపులా పుట్టుపూర్వోత్తరాలు విచారించడం మన ఆచారం గదా! అది ముందు కానిద్దాం.

బొహీమియా అనేది ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఒక ప్రాంతం. ఊరూరా డేరాలు వేసుకు తిరిగే రోమా జనం అక్కణ్ణుంచి వచ్చారనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళను బొహీమియన్లన్నారు. నిజానికి వాళ్ళ పూర్వులు సుమారు వెయ్యేళ్ళ కిందట బయలుదేరింది మన దేశం నుంచే. వాళ్ళ భాష ఇప్పటికీ హిందీకీ, పంజాబీకీ చుట్టమే. 19వ శతాబ్దంలో పారిస్ నగరంలో అద్దె కట్టుకోలేక మేడమీది చలిగదుల్లో తలదాచుకున్న కవులకూ, చిత్రకారులకూ కూడా ఆ పేరే అంటుకుంది. ఆన్రీ ముర్జే అనే రచయిత అలాంటి స్నేహితుల బతుకుల్నే కథలుగా 1845 నుంచి ఒక పత్రికలో రాశాడు. 1851లో అవి పుస్తకంగా వచ్చాయి. వాటి ఆధారంగా పుచ్చీనీ కూర్చిన ‘లా బొహేమ్’ అనే సంగీత నాటకాన్ని 1896లో ఇటలీలోని ట్యూరిన్‌లో మొదటిసారి ఆడారు. అందులో మొదటి అంకంలోనే కవిగారు చలికి ఆగలేక తను రాసుకున్న నాటకాన్ని పొయ్యిలో వేసుకుంటాడు. ఇక అలాంటి గదిలో పాత దుప్పటే తెర, చిరిగిన తెరే తివాచీ. ముచ్చటపడి కాదు, గతిలేక!

ఫ్యాక్టరీ ఫక్కీ కథా ఇంతే. న్యూయార్కులో మన్‌హాటన్ దీవిమీద సోహో అనే పేట వుంది. 19వ శతాబ్దంలో పోత ఇనుప ముఖభాగాలతో కట్టిన గిడ్డంగులూ, కార్ఖానాలూ అక్కడ బారులు తీరి వుంటాయి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆ చిన్న పరిశ్రమలు ఒక్కటొక్కటే తరలిపోగా, ఖాళీపడిన అంతస్తుల్లో చిత్రకారులు చేరారు. వాటినే లాఫ్టులంటారు. మన వంటింటి గోడమీద పాత బిందెలు దాచుకునే లాఫ్టు కాదు లెండి, పెళ్ళిపందిరంత హాళ్ళు! అక్కడ కాపురం వుండడం చట్టరీత్యా కూడదు. 1961లో నగరపాలకులు కొంత దిగివచ్చి, అలా వుండేవాళ్ళు వీధి తలుపు పక్కన ‘ఏ.ఐ.ఆర్.’ అని బోర్డు పెట్టుకోవాలన్నారు. అంటే ఆలిండియా రేడియో కాదు సుమండీ! ఇక్కడ కళాకారుడు నివసిస్తున్నాడని అర్థం. నిప్పంటుకుంటే లోపల మనిషి వున్నాడని ఫైరింజను వాళ్ళకు తెలియడానికి ఆ ఏర్పాటు. 1971లో చట్టం మార్చి సోహోలో కళాకారులు వుండవచ్చునన్నారు. 1973లో ఆ పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. తరవాత డబ్బున్నవాళ్ళు ఆ సొంపు చూసి మనసుపడ్డారు. అద్దెలు పెరిగాయి. పూత పెట్టించే స్తోమతు లేక గోడల్ని అలాగే వదిలేసిన చిత్రకారులు చాలామంది మూట సర్దుకుని పోవలసి వచ్చింది.

చూశారా, ఇద్దరిదీ ఒకటే గోత్రం. లేమి! సగోత్రీకులైనా ఈ సంబంధానికి మాత్రం అడ్డేమీ లేదు. ఉన్నదాన్ని దాచకపోవడం ఒకరి గుణం, దొరికినదాన్ని ప్రేమగా దగ్గర పెట్టుకోవడం రెండోవారి గుణం. ఈ రెండు గుణాలూ వున్న ఇల్లే కుదిరిన ఇల్లు. గుణాలు వదిలేసి పైరూపు మాత్రం దుకాణంలో కొని తెచ్చుకుంటే అది నాటకం తాలూకు సెట్టింగులా వుంటుంది.

ఈ సంబంధం ఎంత చక్కగా కుదిరిందో చూడాలంటే లాస్ ఏంజెలెస్‌లో పసిఫిక్ పాలిసేడ్స్ అనే చోట చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1949లో కట్టుకున్న ఇల్లు చూడాలి. ఆయన వాస్తుశిల్పి, ఆవిడ చిత్రకారిణి. ఫ్యాక్టరీలకూ, గిడ్డంగులకూ వాడే ఉక్కు స్తంభాలూ, దూలాలూ, కిటికీ చట్రాలూ కేటలాగు చూసి తెప్పించుకున్నారు. ఆ ఉక్కు చట్రాన్ని అయిదుగురు మనుషులు 16 గంటల్లో నిలబెట్టారట. కప్పు రేకు మడతలు కనబడతాయి, దూలాల అల్లిక కనబడుతుంది, ఏదీ దాచలేదు. ఇంతవరకూ చెబితే ఎవరో కార్ఖానాలో పడక వేసుకున్నారనుకుంటారు. కాని లోపలికి వెళితే, 17 అడుగుల ఎత్తు హాల్లో తివాచీలు, దిళ్ళు, రకరకాల దేశాల జానపద బొమ్మలు, సముద్రపు గవ్వలు, గులకరాళ్ళు, కొవ్వొత్తులు, మొక్కలు! ఎడారి గాలికి దొర్లుకుంటూ పోయే ఎండుపొద ఒకటి కప్పునుంచి వేలాడుతుంది. ఇంటిముందు వరసగా వున్న నీలగిరి చెట్ల నీడలు పగలల్లా అద్దాలమీద కదులుతూ వుంటాయి.

ఈ ఆలుమగలకు మన దేశంతో సంబంధం వుంది. 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ వెలిసింది. ఇక్కడ చూసిన అన్ని వస్తువుల్లోకీ వాళ్ళు ఎక్కువగా మెచ్చుకున్నదేమిటో తెలుసా? చెంబు! ఉత్త చెంబు! చేతికి ఎలా అమురుతుంది, నెత్తిన పెట్టుకుంటే ఎలా నిలుస్తుంది, నీళ్ళు వంపితే ఎలా ధార కడుతుంది అని ఆలోచించి ఆశ్చర్యపోయారు. మన ఇళ్ళల్లో పెరటి గోడమీద బోర్లించి వుండే వస్తువు అది!

చార్లెస్ 1978లోనూ, సరిగ్గా పదేళ్ళకు అదే తేదీన, 1988లో, రే పోయేదాకా ఆ ఇంట్లోనే వున్నారు. అన్నేళ్ళపాటు ఒక్కొక్కటే చేరిన సామాను అది. 2025 జనవరిలో ఆ ప్రాంతాన్నంతా కార్చిచ్చు దహించినప్పుడు లోపల పొగ పట్టింది గాని ఇల్లు నిలిచింది.

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం. మనలో పెద్దవాళ్ళకు పూత పెట్టని గోడ చూస్తే, “పాపం, సగంలో డబ్బు చాల్లేదు కాబోలు” అనిపిస్తుంది. అందులో తప్పేముంది? మట్టిగోడ నుంచి ఇటికగోడకూ, ఇటికగోడ నుంచి సున్నపు గోడకూ రావడానికి వాళ్ళకు ఒక జీవితకాలం పట్టింది. హైదరాబాదు నుంచి ఒక సోదరి రాశారు. కొత్త ఫ్లాటులో హాలు గోడ పూత చెక్కించి ఇటిక పైకి తేవాలని ఆమె పట్టుదల. రైల్వే వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయిన మామగారు అది విని రెండు రోజులు సరిగా భోంచెయ్యలేదట. ఆ గోడకు తగిలించడానికి ఆమె ఆరువేలు పెట్టి ఒక పళ్ళచక్రం తెప్పించారు. అది ఏ యంత్రంలోదీ కాదు, అలంకారానికే పోత పోసినది. ఆ ఉత్తరం చివర్న ఇంకో వాక్యం వుంది. మామగారి పాత పనిముట్ల ఇనప్పెట్టె బాల్కనీలో అడ్డంగా వుంది, పాతసామాన్ల వాడికి వేసేద్దామనుకుంటున్నాం, అని!

అమ్మా, ఆ పళ్ళచక్రం వెనక్కి పంపెయ్యండి. మీ ఇంట్లో అసలైన ఫ్యాక్టరీ వస్తువు బాల్కనీలో వుంది. ముప్ఫై ఏళ్ళు ఒక మనిషి చేతిలో అరిగిన రెంచీకి వచ్చే నునుపు ఏ దుకాణమూ అమ్మలేదు. కాని, ఆ పెట్టెను హాల్లోకి తెచ్చేముందు మామగారిని అడగండి. ఆయనకది అలంకారం కాదు, అన్నం పెట్టిన వస్తువు. నలుగురూ వచ్చి చూసే చోట పెట్టడం ఆయనకు గౌరవంగా తోచవచ్చు, కష్టంగానూ తోచవచ్చు. ఆయన సరేనంటే తుప్పు తీసి, సోఫా పక్కన బల్లగా వేసుకోండి. వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వండి. గోడ మాత్రం చెక్కించకండి. ఈనాటి ఫ్లాటుల్లో చాలావాటికి పూత వెనక వుండేది ఎర్ర ఇటిక కాదు, బూడిదరంగు సిమెంటు దిమ్మె. లోపల కరెంటు గొట్టాలూ వుంటాయి.

ఈ మోజున్న మిగతావారికి నాలుగు మాటలు.

మొదట మీ ఇంట్లో ఏం వుందో చూసుకోండి. పాత మిద్దెలకు దూలాలుగా వేసిన రైలుపట్టాలు వుంటే వాటిని మూసి తప్పుడు కప్పు కట్టించకండి. తీగబ్రష్షుతోనూ, ఎమెరీ కాగితంతోనూ తుప్పు గీకి, ఎర్ర ప్రైమరు ఒక పూత, మీద మెరుపు లేని నల్లరంగు రెండు పూతలు వేయిస్తే చాలు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అంచేత ఏటేటా ఒకసారి చూసుకోవాలి. ఏళ్ళనాటి పాత రంగును మాత్రం పొడిగా గీకవద్దు. అందులో సీసం వుండవచ్చు, ఆ దుమ్ము పసిపిల్లలకు విషం. తెలిసిన పనివాడిచేత చేయించండి.

రెండోది, ఇనుమూ, సిమెంటూ, అద్దమూ తప్ప మరేమీ లేని గదిలో మాట ఖంగుమని మోగుతుంది. బొహీమియన్ గుడ్డల అసలు ప్రయోజనం అక్కడే. నేలమీద ఏలూరు తివాచీగాని, వరంగల్లు జంపఖానాగాని పరిస్తే ఆ మోత సగం అణిగిపోతుంది. కిటికీకి పెడన అచ్చుల కలంకారీ తెర కట్టండి. శ్రీకాళహస్తి కలంకారీలో దేవతల బొమ్మలుంటాయి గనక దాన్ని రాకపోకల వాకిట్లో కాకుండా గోడకు వేలాడదియ్యడం మర్యాద. ఆకుల రంగులూ, వేళ్ళ రంగులూ ఎండకు వెలుస్తాయి. నేరుగా ఎండ పడే చోటు తప్పించండి.

మూడోది, సిమెంటుకూ, ఇనుముకూ చల్లని రంగు. వాటి పక్కన ఆవపిండి పసుపు, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం బాగా పండుతాయి. అన్నీ ఒకే గదిలో కుమ్మరించకుండా రెండు రంగులు ఎంచుకోండి. గుడ్డివెలుగు బల్బులు తలల మధ్య వేలాడదియ్యడం ఇప్పుడు ఫ్యాషను. కళ్ళకు గుచ్చుకుంటాయి. ఎనామిల్ రేకు టోపీ కింద 2700 కెల్విన్ అని రాసివున్న ఎల్.ఇ.డి. బల్బు పెడితే దీపం పెట్టినట్టుంటుంది.

నాలుగోది, పాతదల్లా మంచిది కాదు. పాత రైలు స్లీపరు చెక్కతో బల్ల చేయించుకుంటామని కొందరు సరదాపడుతున్నారు. ఆ చెక్కలు చెదపట్టకుండా క్రియోజోటు అనే తారునూనెలో నానబెడతారు. అది ఒంటికీ, ఊపిరికీ చెరుపు. ఇంట్లోకి రానివ్వకండి. రసాయనాలు మోసిన పీపాలూ అంతే. దానికి బదులు మీ అమ్మమ్మగారి గంగాళంలో మనీప్లాంటు కుండీ దింపండి. మేనత్త పాత చీరలతో కుట్టిన బొంతను ఇనుప మంచంమీద పరవండి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఇన్ని బొమ్మలూ, ఇన్ని గవ్వలూ పెట్టుకున్నాక వాటిమీద దుమ్ము ఎవరు దులపాలి? పత్రికల్లో బొమ్మలు వేసేవాళ్ళు ఈ సంగతి చెప్పరు. నా లెక్క ఒకటుంది. ఆదివారం ఒక గంటలో మీరూ, మీవారూ కలిసి దులపగలిగినన్ని వస్తువులే పైన వుండాలి. మిగతావి పెట్టెలో పెట్టి, ఆరునెలలకోసారి మార్చుకుంటూ వుండండి. మీవారు దులపనంటే, ఆ సంఖ్యను నిస్సంకోచంగా సగం చెయ్యండి.