కోరలు నిబంధనలోనే ఉండాలి

సంపాదకులకు,

సివిల్ దావాల జాప్యంపై గత సంచికలో వచ్చిన వ్యాసం నేరమంతా న్యాయమూర్తుల విచక్షణ మీదికి నెట్టేసింది. అసలు లొసుగు చట్టం రాతలో ఉంది. ప్రతివాది రిటెన్ స్టేట్‌మెంట్ (లిఖిత జవాబు) వేయడానికి 30 రోజులు, కారణాలు రాసి పొడిగిస్తే గరిష్ఠంగా 90 రోజులు అని సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు 2002లో చేసిన సవరణ చెప్పింది. దాటితే ఏమవుతుందో చెప్పలేదు. అందుకే 2005లో కైలాశ్ కేసులో సుప్రీంకోర్టు ఆ గడువు తప్పనిసరి కాదంది. 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టంలో మాత్రం 120 రోజులు దాటితే ఆ స్టేట్‌మెంట్ వేసే హక్కు పోతుందని, దాన్ని కోర్టు తీసుకోకూడదని సూటిగా రాశారు. 2019లో అదే సుప్రీంకోర్టు ఆ గడువుకు సడలింపు లేదని తేల్చింది.

కైలాశ్ తీర్పులో రెండో సగం ఎవరికీ గుర్తుండదు. పొడిగింపు అరుదుగానే ఇవ్వాలని, కారణాలు రాయాలని, ఖర్చులు కూడా విధించవచ్చని అందులోనే ఉంది. మరి ఏ దావా డాకెట్ షీట్ (వాయిదాల నమోదు) అయినా తిరగేయండి: ‘టైమ్ కోరారు, మంజూరు’, పక్కన మరో తేదీ. కారణం ఏదీ?

పొలం గట్టు తగాదాకు 120 రోజుల కత్తెర వేయమనను. సమన్లు అందినా వకీలుకు ఫీజు కట్టలేని రైతే ముందు తెగుతాడు. కారణం రాయని పొడిగింపు చెల్లదని నిబంధనలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

– ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి, తెనాలి